అవ్వ ఎక్కిన పెద్ద ఇంజను

ఆ రోజుల్లో నన్ను మించిన రైడరు కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య లేడని నా గట్టి నమ్మకం. (ఇంకెవరికీ ఆ నమ్మకం ఉన్నట్టు గుర్తులేదు.) ఇల్లు ఎల్లారెడ్డిలో, కొలువు కామారెడ్డిలోని ఒక విత్తనాల దుకాణంలో. బాపు వాడి వదిలేసిన వంద సీసీ బండి మీద రోజూ పోయిరావడం. లింగంపేట దాటాక ఏ మలుపులో బర్రెలు అడ్డమొస్తాయో కళ్లు మూసుకుని చెప్పగలను. అలా కొన్నేళ్లు తిరిగాక నాకొక దిగులు పట్టుకుంది. ఇంత అనుభవం ఉన్నవాడు ఇంకా ఇంత చిన్న ఇంజనుతోనే తిరగాలా? మా అక్క భర్తను సలహా అడిగాను. ఆయన రోడ్డు పల్లంలోకి దిగగానే పెట్రోలు ఆదా చేయడానికి ఇంజను ఆపేసే మనిషి. మేం చాటుగా మైలేజీ బావ అనేవాళ్లం.

"ఏం బామ్మర్దీ, గీ రోడ్డు మీద సగం వడ్లు ఎండవోస్తరు, సగం మేకలు పండుకుంటయి. గంత పెద్ద ఇంజన్ దెచ్చి ఏడ ఉరికిస్తవ్?" అన్నాడు.

"అనుభవం అచ్చినంక బండి గూడ పెరగాలె గద బావా!"

"అనుభవం అచ్చినోడు శిన్న బండినే మంచిగ నడుపుతడు" అని ఆయన టీ తాగడంలో పడ్డాడు.

ఆ మాట నిజమని తేలకముందే వెళ్లి పెద్ద బండి తెచ్చుకున్నాను. నల్లగా, బరువుగా, దబదబమని చప్పుడు చేస్తూ వీధిలోకి వస్తే కోళ్లు గోడలెక్కేవి. ఒకే ఒక్క చిక్కు, నా కాళ్లు. మునివేళ్లు మాత్రమే నేలకు ఆనేవి.

అంతలో కామారెడ్డిలో మా అక్క బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షన్ వచ్చింది. పసిబిడ్డను మొదట ఇంట్లో అందరికంటే పెద్దదైన మా అవ్వే తొట్టెలలో వేయాలి, అదీ రాహుకాలం రాకముందే. ఇంటిల్లిపాదీ పొద్దున్నే వ్యానులో వెళ్లిపోయారు. వ్యానెక్కితే కడుపులో దేవుతుందని అవ్వ ఇంట్లోనే ఉండిపోయింది. "నేను దీస్కస్త" అని నేను ముందే అందరికీ మాటిచ్చాను. పాత బండి మీద ఆమె మంచం మీద కూర్చున్నట్టు పక్కకు కూర్చుని, నా చొక్కా పట్టుకుని హాయిగా వచ్చేది.

కొత్తదాన్ని కిందినుంచి పైకి చూసి, "ఇదేందిరా, ఏనుగా? నిచ్చెన ఏది?" అంది. బండిని అరుగు పక్కకు తెచ్చాను. అరుగు మీదినుంచి నేరుగా సీటు మీదికి వచ్చి కూర్చుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. (ఎక్కినవాళ్లు దిగాలి కూడా అన్న సంగతి అప్పటికి తట్టలేదు.)

తోవలో బావ చెప్పినట్టే సగం రోడ్డు వడ్లు, మిగతా సగం ట్రాక్టర్. నా పెద్ద ఇంజను రెండో గేరులో గునుస్తూ దాని వెనకే నడిచింది. లింగంపేటలో టీ కోసం ఆపి, "దిగు అవ్వా" అన్నాను.

"యాడికి దిగాలెరా? బాయిలకు దొంగి సూసినట్టున్నది!"

హోటలాయన గ్లాసు పైకి అందించాడు. ఆమె బండి మీదే తాగింది. "ఏం అవ్వా, ఊరేగింపా?" అని ఎవరో అడిగారు. "అవు బిడ్డా, నాదే!" అంది దర్జాగా.

ఫంక్షన్ హాలు ముందు అరుగు లేదు. లోపల పంతులుగారు గడియారం చూస్తున్నారు. అవ్వను దించుదామని బండిని కాస్త వంచాను. మునివేళ్లు జారాయి. నేను, బండి, అవ్వ ముగ్గురం కలిసి ఒక పక్కకు ఒరగసాగాం. పట్టుపంచెతో బావ ఉరికొచ్చి హ్యాండిలు పట్టాడు. మైకుసెట్టు ఆయన చక్రాలున్న పెద్ద స్పీకరు పెట్టె దొర్లించుకొచ్చి పక్కన నిలిపాడు. అవ్వ దాని మీదికి అడుగేసి, అక్కడే చతికిలబడి, "ఇగ దిగుడు నాతోని గాదు. గిట్లనే లోపటికి నూకుండ్రి!" అంది. చుట్టాలంతా నవ్వుతూ పట్టుకోగా, పెట్టె మీద ఊరేగుతూ తొట్టెల దగ్గరికి వెళ్లి, రాహుకాలానికి కాస్త ముందే బిడ్డను అందులో పడుకోబెట్టింది. నేను మాత్రం గోడకు ఆనుకుని, బండి అమ్మేయడం ఖాయమని బావతో అనేశాను.

సాయంత్రం బయలుదేరేటప్పుడు బావ తన చిన్న బండి తెచ్చి, "అవ్వా, దీని మీద దిగవెడ్త రా. కాళ్లు నేలకు ఆనుతయి" అన్నాడు.

"వద్దయ్యా, నాకు ఏనుగే గావాలె" అంది అవ్వ. "దాని మీద గూసుంటె గోడలవతల ఎవలింట్ల ఏమున్నదో అంత కనవడ్డది. పెండ్లయి అచ్చినకాడికెంచి గీ తొవ్వల పోతున్న. మక్కచేన్లవతల గన్ని గుట్టలున్నయని ఇయ్యాలనే సూసిన."

బావ తన బండి తాళం జేబులో వేసుకున్నాడు. తర్వాత నా భుజం తట్టి, "ఇగ అమ్మకురా. మనందర్ల ఎక్కువ అనుభవమున్నది అవ్వకే గద, పెద్ద ఇంజన్ ఆమెకే ఉండనీ" అన్నాడు.

అవ్వ ఉన్నన్నాళ్లూ ఆ బండి ఉంది. మలుపుల సంగతి మరిచిపోయి, ఏ ఊళ్లో అరుగు ఎత్తుగా ఉందో, ఏ కల్వర్టు గోడ సీటుకు సమానంగా ఉందో నేర్చుకున్నాను. దాన్ని వేగంగా నడిపిన గుర్తు ఒక్కటీ లేదు. ఇప్పుడు నడుము నొప్పితో నేనే స్కూటీకి దిగాను. లింగంపేట రోడ్డు మీద ఏ కుర్రాడైనా పెద్ద ఇంజను దబదబలాడిస్తూ నన్ను దాటిపోతే, ఒకప్పటి నన్ను చూసినట్టుండి నవ్వొస్తుంది. పక్కకు జరిగి దారిస్తాను. వాడి వెనక సీటు ఖాళీగా కనిపిస్తే మాత్రం, పాపం, అంత ఎత్తు వృథాగా పోతోందే అనిపిస్తుంది.