ఉప్మా వరసలో డైలీ

మళ్ళీ నన్నే సివరికి తోసీసినారు, మన బడి గ్రూపోళ్ళందరూ ఈ వాయిసు మెసేజి ఇని సూడండి! మనవరాలికి జొరమొస్తే లీవు లెటరు నేనే రాసినాను. 'డైలీ మై గ్రాండ్‌డాటర్ కమ్స్ టు స్కూల్' అని గొప్పగా మొదలెట్టినాను. ఇక్కడ బెంగాలీవోళ్ళ సుభాష్‌పల్లి బడిలో టీచరు దీదీ 'డైలీ' సుట్టూ ఎర్ర సున్నా గీసి, బాణమేసి, వాక్యం సివరికి పంపించీసింది.

ఆ బాణం సూడగానే ఒళ్ళు మండిపోయింది. ఒరే సింహాచలం, మనూరి బడి గుర్తుందా? ఐదో తరగతిలో ఉన్నదే నలుగురం. మాస్టారు మన మెడల్లో పలకలు కట్టి, మనల్నే ఇంగ్లీషు వాక్యంలాగ నిలబెట్టీవోరు. ఫాదర్ నువ్వు, డ్రింక్స్ అప్పన్న, టీ పైడితల్లి, డైలీ నేను. నేను ముందుకెళ్ళి నిలబడితే సెవి పట్టుకుని, "నీ సోటు సివరే రా!" అని లాక్కొచ్చీవోరు.

తరవాత ఆ వరసలోనే గోధుమరవ్వ ఉప్మాకి పంపీవోరు. నీకు గరిటె నిండా పోపుతో సహా పడేది. నాకు అడుగంటిన మాడు గోకి పెట్టీవోరు. ఆ మాడు వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. ఇంగ్లీషు మీద నాకేం కోపం లేదర్రా. రోజూ తప్పకుండా వచ్చీవోడే ఆఖర్న ఎందుకు నిలబడాల? రేపు దీదీనే అడుగుతాను.

ఉండండి, వంటింట్లోంచి మా ఆవిడ కేకేస్తంది.

"ఏటండీ, ఇంకా ఆ ఫోనేనా? పిల్లలందరూ తినీసినారు. గిన్నెలో అడుగున మీ ఉప్మాయే మిగిలింది!"

వస్తన్నానే, గోకకుండా ఉంచు, నేనొచ్చి గోక్కుంటాను!