కుడికి తిరిగిన పిల్ల

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు వానాకాలంలో, శంషాబాద్ విమానాశ్రయం దారిలో కొత్తగా తెరిచిన ఒక ఆటల కాంప్లెక్స్‌లో నాకు ఐస్ టెక్నీషియన్‌గా ఉద్యోగం వచ్చింది. ఆర్డరు కాగితం జేబులో పెట్టుకుని, మేనేజరు చూస్తుండగా దర్జాగా ఐస్ స్కేటింగ్ చేసే రింక్ మీద కాలు మోపాను. ఆ తర్వాత నాకు కనిపించింది పైకప్పు. ఐస్ గట్టిదనం కొలవడానికి పరికరాలుంటాయి. నేను నడుముతో కొలిచి, "బాగనే గడ్డకట్టింది సార్" అని పడ్డచోటి నుంచే రిపోర్టు ఇచ్చాను. తొమ్మిదో తరగతి నన్ను విడిచిందో, నేనే దాన్ని విడిచానో ఇప్పటికీ తేలలేదు. అయినా నన్ను తీసుకున్నారంటే కారణం ఒకటే. అంతకుముందు చాలా ఏళ్ళు కార్గో పక్కన కోల్డ్ స్టోరేజీల్లో పూలనూ మందులనూ చెడకుండా చూసుకున్నాను.

రింక్‌లో పెద్ద మేనేజరు, ఆయన కింద కోచ్, ఆ కింద జనాన్ని అదుపు చేస్తూ ఈలలు వేసే మార్షల్స్, అందరికంటే అడుగున ఐస్, ఐస్‌తో పాటు నేను. స్కేట్లు గీకి పాడుచేసిన పైపొరను యంత్రంతో చెక్కి, దానిమీద వేడినీళ్ళు పరవడం నా పని. వేడినీళ్ళా అని ప్రతివాళ్ళూ నోరు తెరుస్తారు. పాత ఐస్‌ను కాస్త కరిగించి, దానితో అతుక్కుని సాఫుగా గడ్డకట్టేది వేడినీళ్ళే. హాకీకి ఐస్ గట్టిగా ఉండాలి. ఫిగర్ స్కేటింగ్‌కు కొంచెం మెత్తగా ఉండాలి, ఎందుకంటే అక్కడ బ్లేడు ఐస్‌ను కరిచి పట్టుకోవాలి.

ఆ బ్లేడు సంగతి నాకు నేర్పింది ఎస్తేరు. స్కేట్లు కిరాయికి ఇచ్చే కౌంటర్లో పనిచేసే మరియమ్మ కూతురు, మామిడిపల్లి పిల్ల. పదో తరగతి చదివేది. జనం రాకముందు పొద్దున్నే ఆమెకు ఐస్ మీద కొంచెంసేపు దొరికేది. బ్లేడు అడుగు చదునుగా ఉండదు, మధ్యలో గాడి ఉంటుంది. గాడికి అటూ ఇటూ రెండు అంచులు. రెండు కాళ్ళ మధ్యకు ఉండేది లోపలి అంచు, అవతలిది బయటి అంచు. ముందు కొసన రంపపు పళ్ళుంటాయి, వాటిని టో పిక్ అంటారు. జంపులు ఆరు రకాలు. ఆక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ ఎగిరేది, తక్కినవన్నీ వెనక్కు జారుతూ ఎగిరేవి. వాటిలో ఫ్లిప్, లట్జ్ అని రెండున్నాయి. రెండింట్లోనూ టో పిక్ ఐస్‌లో గుచ్చి ఎగురుతారు. ఫ్లిప్ లోపలి అంచు మీంచి, లట్జ్ బయటి అంచు మీంచి. లట్జ్‌లో జారే వంపు ఒకవైపు, గాలిలో తిరిగేది దానికి ఎదురువైపు. అందుకే దానికి పాయింట్లు ఎక్కువ. చాలామంది లట్జ్‌కు పోయి, ఆఖరి క్షణంలో ఒళ్ళు లోపలి అంచు మీదికి వాల్చేస్తారు. అప్పుడది పేరుకు లట్జ్, నిజానికి ఫ్లిప్. పోటీల్లో తీర్పు చెప్పే ప్యానెల్ దాని పక్కన అంచు తప్పని గుర్తు పెట్టి పాయింట్లు కోస్తుంది.

స్కేటర్లలో ఎక్కువమంది గాలిలో ఎడమకు తిరుగుతారు. ఎస్తేరు కుడికి తిరిగేది. రూల్ పుస్తకం ప్రకారం అది తప్పు కాదు. మా రింక్‌లో మాత్రం అదొక పరేషాన్. పబ్లిక్ అంతా ఎడమ చుట్టు చుట్టాలని గోడమీద బాణం గుర్తు ఉంది. పొద్దుటి సమయం చాలక జనం వచ్చాక కూడా ఎస్తేరు లట్జ్‌కు పరుగు తీస్తే ఆ చుట్టును అడ్డంగా కోయాల్సి వచ్చేది. మార్షల్స్ ఈలలు వేసేవాళ్ళు. నేను ఆమెకు ఉల్టా ఎస్తేరు అని పేరు పెట్టాను. పేరు అతుక్కుపోయింది. మార్షల్స్ అలాగే పిలిచేవాళ్ళు, చివరికి కోచ్ కూడా.

కోచ్ ఏలూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. ఒకరోజు ఆమెను నిలబెట్టి, "ఎడమకు తిరగడం నేర్చుకో అమ్మా, నీ మంచికే చెబుతున్నాను" అన్నాడు.

"ఎడమ చేత్తోని రాయుండ్రి అంటే రాస్తరా సార్ మీరు?" అంది ఎస్తేరు.

నేను నవ్వాను. నవ్వినందుకు నన్ను పిలిచి, రింక్ చుట్టూ ఉన్న అద్దం గోడకు అవతల నిలబడమంది. ఇవతల నుంచి అద్దం మీద ఊది, ఆ ఆవిరి మీద వేలితో తన లట్జ్ దారి గీసింది.

"నా దిక్కు నుంచి గిట్లుంది కాకా. నీ దిక్కు నుంచి ఎట్లుంది?"

"అందరి లెక్కనే ఉంది."

"గంతే. నేను గదే చేస్తున్న. చూసెటోళ్ళు అటు దిక్కు నిలవడాలె, గంతే."

ఆ చలికాలం రాష్ట్ర జట్టు ఎంపిక మా రింక్‌లో పెట్టారు. ఆమె వయసు ఆడపిల్లల్లో ఒక్కరికే చోటు. ఆ ఒక్కరికి వేరే రాష్ట్రంలో ఉన్న పూర్తి కొలతల రింక్‌లో శిక్షణ, ఉండటానికి వసతి. మా రింక్ చిన్నది. ఇక్కడ నేర్వగలిగినదంతా ఎస్తేరు నేర్చేసింది. ఆ చోటు దొరక్కపోతే ముందుకు దారి లేదని తల్లికీ తెలుసు, పిల్లకూ తెలుసు. పోటీలో నిలిచింది కోచ్ దగ్గరే నేర్చుకునే ఇంకో అమ్మాయి. మంచి పిల్ల, మంచి స్కేటరే.

ప్యానెల్ బయటి నుంచి వచ్చింది. అందులో టెక్నికల్ స్పెషలిస్ట్ అని ఒకరుంటారు. స్కేటర్ ఏ జంప్ చేసిందో పేరు పలకడం ఆయన పని. ఆయన పలికిందే కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. మార్కులు వేసేవాళ్ళు వేరు. పెద్ద పోటీల్లోలాగా వీడియో వెనక్కి తిప్పి చూసే ఏర్పాటు మాకు లేదు. నా యంత్రం నిలిపే గేటు వాళ్ళ బల్ల వెనకే కాబట్టి, ప్రతి మాటా వినపడేది.

ఎస్తేరు లట్జ్ చేసింది. మూల నుంచి పొడుగ్గా జారి, కుడికి వంగి, పిక్ గుచ్చి లేచి, శుభ్రంగా దిగింది. "లట్జ్, అంచు తప్పు" అన్నాడు స్పెషలిస్ట్. తర్వాత ఫ్లిప్ చేసింది. "ఫ్లిప్, అంచు తప్పు" అన్నాడు.

సంగతి ఇది. ఎడమకు తిరిగేవాళ్ళు లట్జ్‌లో ఎడమకు వంగుతారు, ఫ్లిప్‌లో కుడికి. వెనక్కు జారుతుంటారు కాబట్టి, ఒళ్ళు ఎడమకు వంగితే జారే దారి కుడి చుట్టు పోతుంది. ఏళ్ళ తరబడి చూసిన కన్నుకు కుడికి వంగితే ఫ్లిప్ అనే అలవాటు పడిపోతుంది. కుడికి తిరిగే పిల్లకు కాలు మారుతుంది, వంపూ మారుతుంది. అది గుర్తుపెట్టుకుని చూడాలి. ఆయన గుర్తుపెట్టుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు, పొద్దున్నుంచి ఎడమకు తిరిగే పిల్లలనే చూస్తున్నాడు.

ఐస్ వేయడానికి విరామం ఇచ్చారు. నేను యంత్రం ఎక్కకుండా బల్ల దగ్గరికి వెళ్ళాను. "సార్, ఆ పిల్ల ఉల్టా. తిరుగుడు ఉల్టా, వంగుడు గూడ ఉల్టా. మీరు జర అద్దం అవతల కూసొని చూస్తే సక్కగ కనవడుతది" అన్నాను.

బల్ల మొత్తం నవ్వింది. పొద్దున టీ దగ్గర వాళ్ళను కడుపుబ్బా నవ్వించింది నేనే, ఇది కూడా ఆ వరుసలోనే చేరింది. "నేను నవ్వులాటకు చెప్తలేను సార్" అన్నాను. ఇంకా నవ్వారు. ప్యానెల్‌కు పెద్దగా ఉన్న రిఫరీ నా భుజం తట్టి, "ఐస్ చాలా బాగా వేస్తున్నారండీ, కానివ్వండి" అన్నాడు. ఆమె అంచుల గీతలు ఐస్ మీద ఇంకా తెల్లగా కనపడుతున్నాయి. ఎటువైపు వంగి ఎగిరిందో చూడాలనుకున్నవాడికి చూడొచ్చు. మెషిన్ నడపమని రిఫరీ రెండోసారి చేయి ఊపాడు. నడిపాను.

ఫలితంలో ఆ ఇంకో అమ్మాయి పేరు చదివాక మరియమ్మ ఏప్రన్ విప్పి కౌంటర్ మీద పెట్టి నేరుగా రిఫరీ దగ్గరికి వెళ్ళింది. ఆయన ఓపికగానే చెప్పాడు, కూడికలో పొరపాటుంటే చూపించండి, సరిచేస్తాం, ప్యానెల్ కన్ను చూసినదాని మీద ఫిర్యాదు తీసుకోవడం రూల్‌లో లేదు అని. ఆయన చెప్పిన రూల్ నిజమే.

"కూడిక సక్కగనే ఉంది సార్. కూడిందే తప్పు" అంది మరియమ్మ.

కోచ్ అక్కడే నిలబడి బూట్ల లేసులు చూసుకుంటున్నాడు. ఫ్లిప్‌కూ లట్జ్‌కూ తేడా ఆ పిల్లకు నేర్పినవాడు ఆయనే. తర్వాత నాతో, "ఇప్పుడు గొడవపడితే మళ్ళీ మన రింక్‌కు ట్రయల్స్ ఇవ్వరండీ" అన్నాడు. మరుసటి ఏడు ట్రయల్స్ మా రింక్‌కు ఇవ్వలేదు. అప్పుడు గొడవ ఏమీ జరగలేదు, ఎవరికీ మా రింక్ గుర్తు లేదు, అంతే.

నేను రిటైరయ్యేదాకా అదే యంత్రం నడిపాను. ఆ ఉద్యోగంలో నేను తెలుసుకున్నది ఇంతే. ఏ పక్కకు తిరగాలో ఆట రూల్ చెప్పదు, అలవాటు చెబుతుంది. తీర్పు రూల్ పేరుతో వస్తుంది, ఇచ్చేది అలవాటు. అలవాటు మీద ఫిర్యాదు తీసుకునే బల్ల ఎక్కడా ఉండదు. నవ్వించే నోరున్నవాడిని అందరూ పిలిచి కూర్చోబెట్టుకుంటారు, వాడు పనికొచ్చే మాట చెప్పిన రోజున కూడా నవ్వడానికే చూస్తారు.

ఎస్తేరు మళ్ళీ ఐస్ ఎక్కలేదు. కొన్నాళ్ళకు లాకరు తాళంచెవి తిరిగి ఇవ్వడానికి వచ్చింది. నేను గేటు దగ్గర ఆపి, "నేను చెప్పిన బిడ్డా. బల్ల కాడికి పోయి మరీ చెప్పిన. వాళ్ళే నవ్విండ్రు" అన్నాను.

తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"ఏమని చెప్పినవ్ కాకా? ఉల్టా అనే గద. సీదనే తిరిగింది అని నువ్వన్నా అన్నవా?"