బ్యాటరీకి చేరని కరెంటు

మా పాత కారు పొద్దున్నే కదలకపోతే ఇంట్లో ఎవరూ బానెట్ ఎత్తేవారు కాదు. ముందు నా వైపు చూసేవారు.

"రాత్రి లైట్లు ఆర్పావా?" అనేవారు మా ఆయన. పేరుకే అది ప్రశ్న, నిజానికి తీర్పు.

ఆయన శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. నేను అండమాన్‌లోనే పుట్టాను. పోర్ట్‌బ్లెయిర్‌లో డెలానీపూర్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. స్కూలుకైనా, బజారుకైనా, ఫెరార్గంజ్‌లో అన్నయ్య దగ్గరున్న అమ్మను చూడడానికైనా కారు నడిపేది ఎక్కువగా నేనే. కాబట్టి తప్పూ నాదే అయ్యేది.

మెకానిక్ ఒకసారి బ్యాటరీ మార్చాడు. ఇంకోసారి బెల్టు బిగించాడు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ను కూడా తట్టి చూసి, "అంతా బరాబర్ ఉంది మేడం, లైట్ బంద్ చెయ్యడం భూల్ అవకండి" అని నవ్వాడు. మా ఆయన కూడా నవ్వారు. నేను స్కూల్లో పదో తరగతికి ఫిజిక్స్ చెబుతాను. ఆ సంగతి వాళ్ళిద్దరికీ ఆ నిమిషంలో గుర్తు రాలేదు. నాకూ రాలేదు.

ఆ వానాకాలంలో ఒక శనివారం సాయంత్రం ఫెరార్గంజ్ వెళ్ళాను. దారంతా కుండపోత. హెడ్‌లైట్లు, వైపర్లు, అద్దం మీద ఆవిరి పోవడానికి ఫ్యాను, అన్నీ వేసుకునే నడిపాను. కారు దిగేముందు లైట్లు ఆర్పాను. ఆర్పానని నాకు బాగా తెలుసు.

పొద్దున్న అమ్మ టీ గ్లాసు అందుకోబోతే చేతిలోంచి జారిపోయింది. వంగి తీయబోయి అలాగే పక్కకు ఒరిగింది. మూతి ఒక పక్కకు లాగేసింది. అన్నయ్య ఆమెను ఎత్తుకొచ్చి కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. నేను తాళం తిప్పాను. టిక్కుమంది. మళ్ళీ తిప్పాను. అదే టిక్కు.

"రాత్రి లైటు ఆర్పలేదేటి నువ్వు?" అని అరిచాడు అన్నయ్య.

"ఆర్పాను అన్నయ్యా. చూడు, స్విచ్ ఆఫ్‌లోనే ఉంది."

"ఇప్పుడు ఆర్పీసి చూపిస్తున్నావా?"

అన్నయ్యకు మోటార్‌సైకిల్ తప్ప మరేదీ లేదు. వానలో ట్రంక్ రోడ్డు మీదకు పరుగెత్తాడు. పోర్ట్‌బ్లెయిర్‌కు కూరగాయలు తీసుకెళ్తున్న పికప్ వ్యాన్ ఒకటి ఆపి, బుట్టలు దింపించి, అమ్మను దాన్లో ఎక్కించాం. ఆమె తల నా ఒడిలో ఉంది. ఏదో చెప్పబోతోంది, మాట పెగలడం లేదు.

అమ్మ బతికింది. కుడి చెయ్యీ మాటా తిరిగి రాలేదు. "ఇంకాస్త ముందు తెచ్చుంటే బాగుండేది" అని డాక్టరు మామూలుగా అన్న మాటను అన్నయ్య పట్టుకున్నాడు. చూడవచ్చిన ప్రతివాళ్ళకూ నా ఎదుటే చెప్పేవాడు. "లైటు ఆర్పడం మర్చిపోయింది" అని మొదలుపెట్టేవాడు. మా ఆయన కాదనలేదు సరికదా, "ఎప్పుడూ ఇంతే, నేను చెబుతూనే ఉంటాను" అని వంతపాడారు. వినగా వినగా నా జ్ఞాపకం మీద నాకే నమ్మకం సడలింది. ఆర్పానా, ఆర్పాననుకున్నానా? క్లాసులో బోర్డు మీద రాసింది తుడిచేశానో లేదో కూడా వెనక్కి తిరిగి చూసుకునే స్థితికి వచ్చాను.

సెలవుల్లో ఒక మధ్యాహ్నం ల్యాబ్ నుంచి మల్టీమీటర్ అడిగి తెచ్చాను. మా ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు.

"అది నీ స్కూలు ల్యాబ్ కాదు" అన్నారు.

ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు వేసి, మీటరు తీగలు బ్యాటరీ రెండు కొసల మీదా ఆనించాను. పద్నాలుగు వోల్టుల దగ్గర ఉండాల్సింది పన్నెండు చూపించింది. చూస్తుండగానే ఇంకాస్త దిగింది. అంటే కారు నడుస్తున్నప్పుడు బ్యాటరీ నిండడం లేదు, ఖర్చవుతోంది. అలాగైతే పాడైంది ఆల్టర్నేటరే అయి ఉండాలి. మీటరు తీగను దాని వెనకున్న బోల్టు మీదకు మార్చాను. అక్కడ పద్నాలుగుకు పైనే ఉంది. కరెంటు పుడుతోంది, బ్యాటరీకి చేరడం లేదు. మధ్యలో ఎక్కడో దారి మూసుకుపోయింది.

ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వెళ్ళే తీగ వెంబడి చేత్తో తడుముకుంటూ వెళ్ళాను. ఫ్యూజుల పెట్టె దగ్గర దాన్ని బిగించిన చోట వేలు చురుక్కుమంది. ఇంజన్ ఆపి, బ్యాటరీ తీగ విప్పి, ఆ కొస మీది రబ్బరు తొడుగు వెనక్కి లాగాను. లోపల రాగి పోగులు చిలుం పట్టి పచ్చగా ఉన్నాయి. సగం పొడి అయిపోయి వేలికి అంటుకున్నాయి. సముద్రపు గాలి ఎన్ని వానాకాలాలుగా తిన్నదో. వాన రాత్రుల్లో లైట్లు వేసుకుని నడిపిన మర్నాడే కారు మొండికేసేది ఇందుకు. లైట్లకే సరిపోని కరెంటు బ్యాటరీకి ఏం మిగులుతుంది?

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఆయన్ని పిలిచి చూపించాను.

ఆయన వంగి చూశారు. "సరే, పాత కారు కదా. తీగ మార్పించేద్దాం" అన్నారు.

"ఇన్నాళ్ళూ నేను లైట్లు ఆర్పలేదన్నారు."

"ఇప్పుడు అదంతా ఎందుకు?"

మెకానిక్ కొత్త తీగ వేశాడు. మీటరు పెట్టి చూశాను, పద్నాలుగు దాటింది. ఆ తర్వాత కారు ఏ పొద్దునా మొరాయించలేదు.

కొన్నాళ్ళకు ఆయన ఆఫీసువాళ్ళంతా కలిసి వండూర్ బీచికి పిక్నిక్ వెళ్ళాం. భోజనాల దగ్గర ఎవరిదో కారు స్టార్ట్ కావడం లేదన్న మాట వచ్చింది.

"బ్యాటరీ మార్చకండి, తీగలు చూడండి. మాకూ అలాగే అయింది. నాకు మొదట్నుంచీ తీగ మీదే అనుమానం" అన్నారు మా ఆయన.

"మీకెక్కడిది అనుమానం? పట్టుకున్నది నేను" అన్నాను.

ఒకావిడ, "అరే భయ్యా, దీదీకి ఇనామ్ ఇవ్వాలి మీరు" అంది. అందరూ నవ్వేశారు. ఆయనా నవ్వారు. తిరిగొచ్చేటప్పుడు ఇల్లు చేరేదాకా నాతో మాట్లాడలేదు.

ఆ వారమే ఫెరార్గంజ్ వెళ్ళాను. పాడైన తీగ ముక్క బ్యాగులో ఉంది. అన్నయ్య అమ్మకు అన్నం తినిపిస్తున్నాడు. తీగ అతని ముందు పెట్టి, జరిగింది మొదట్నుంచీ చెప్పాను. క్లాసులో చెప్పినట్టే నెమ్మదిగా, విడమర్చి చెప్పాను. అతను ముద్ద కలుపుతూనే విన్నాడు.

"ఇప్పుడు చెప్పి ఏటి ఫాయిదా? అమ్మ మాట వచ్చీస్తదా?" అన్నాడు.

"మాట రాదు. తప్పు నాది కాదని తెలుస్తుంది."

"నీకు ఇప్పుడు కూడా నీ గోలే" అన్నాడు.

నేను అమ్మ వైపు తిరిగాను. "అమ్మా, నేను ఆ రోజు లైటు ఆర్పాను. కారులో తీగ పాడైంది" అన్నాను. ఆమె కళ్ళు నా ముఖం మీద కాసేపు నిలిచాయి. తర్వాత ఎడమచేత్తో అన్నయ్య చొక్కా పట్టుకుంది. లేపి కూర్చోబెట్టాలన్నా, నీళ్ళు తాగించాలన్నా ఆమెకు అతనే దిక్కు. నేను ఆదివారాలు వచ్చి పోయేదాన్ని. అది నాకు అర్థమైంది. అర్థమైనందువల్ల బాధేమీ తగ్గలేదు.

ఇప్పటికీ వెళ్తుంటాను. అన్నయ్య పొలంలో ఉండే వేళ చూసుకుని వెళ్తాను. వదిన తలుపు తీస్తుంది, టీ పెట్టి ఇస్తుంది, కారు సంగతి ఎత్తదు. అమ్మ పక్కన కూర్చుని కాళ్ళకు నూనె రాస్తాను. అన్నయ్య వచ్చే వేళకు లేచి వచ్చేస్తాను.