ఊడిన తోలు కుట్టమన్నాను

మొన్న విందులో అడ్డాకు విస్తరి మీద వేడన్నం పడి వాసన లేవగానే, నా కుడి అరచేయి తిప్పి చూసుకున్నాను.

అరకు ఘాటీ మీదికి మోటారు ఇంకా ఎక్కని రోజులవి. నాకు ఆరేళ్లు. పొయ్యి మీది అంబలి కుండ పట్టుకుంటే అరచేతిలో బొబ్బ లేచింది. నాలుగో నాటికి తోలు ఊడి, కింద ఎర్రగా కనబడింది. ఇక నాలో ఉన్నదంతా అక్కడినుంచే కారిపోతుందనుకున్నాను. ఊడిన తోలును భద్రంగా తీసుకెళ్లి, అడ్డాకులను పుల్లలతో విస్తళ్లుగా కుడుతున్న మామ్మ ముందు పెట్టాను.

"మామ్మా, బేగి కుట్టీ. నాను కారిపోతన్నాను!"

మామ్మ నవ్వలేదు. అంత నిగ్రహం నాకిప్పటికీ రాలేదు.

"మొన్న వేడి అంబలి తాగి నోరు పొక్కించుకున్నావు గదే గుంటా. దాన్నెవులు కుట్టినారు?"

"ఎవులూ కుట్టలేదు."

"మరేటి? ఇదీ అంతే. అడుగునించి కొత్త తోలు అదే అల్లుకుంటాది. నువ్వు గెలక్కుంటే సాలు."

తేనె రాసి, లేతాకు కప్పి కట్టింది. కొన్నాళ్లకు లేత తోలు వచ్చింది. నేను కారిపోలేదు.

రెండో తరగతితోనే బడి మానేసినదాన్ని, ఆ తోలు పనితనం గురించి ఇంతకుమించి చెప్పలేను. ఆ తర్వాత ఈ చేతిని ఎన్నిసార్లు కాల్చుకున్నా, కోసుకున్నా, విసుక్కోకుండా మళ్లీ కప్పుకుంటూనే ఉంది.

విస్తరి ముందు దండం పెట్టాను. దేవుడికనుకుని పక్కావిడ కూడా పెట్టింది. మామ్మకీ, తోలుకీ అని చెప్పేలోగా అన్నం చల్లారిపోతుందని ఊరుకున్నాను.