ముసలమ్మ చేతి బ్యాండు

పేరు ముసలమ్మే గానీ మనిషికి నలభై దాటలేదు. మందస పక్క పల్లె నుంచి రోజూ బస్సులో పలాస వచ్చి, జీడిపప్పు ఫ్యాక్టరీలో వేడి ట్రేలలోంచి పప్పు బల్ల మీద పోసుకుని పొట్టు తీస్తుంది. పాము కనబడినా అరవదు, కర్ర కోసం వెతుకుతుంది. అలాంటి మనిషిని ఓ రబ్బరు బ్యాండు వణికించింది.

ట్రేలు మోయడానికి కిందటేడు ఓ మరచెయ్యి, అదే రోబో చెయ్యి, వచ్చింది. ఆడవాళ్లు దానికి కొత్తబావ అని పేరు పెట్టారు. మాట్లాడడు, పెట్టింది మోస్తాడు, ఎదురు చెప్పడు. మొదట్లో దాని చుట్టూ ఇనుప కంచె ఉండేది. ఈ మధ్య కంచె తీసేసి, అందరి మణికట్టుకూ బ్యాండ్లు కట్టారు. మనిషి చెయ్యి ఎక్కడుందో బ్యాండు చెబితే కొత్తబావ ఆగుతాడు. అతను మరీ దగ్గరికొస్తే బ్యాండు జుయ్యిమంటుంది. నాడి కూడా చూస్తుందని, అలసిపోతే చెబుతుందని సూపర్‌వైజర్ రాజేష్ వివరించాడు.

నాడి అన్న మాట తర్వాత ముసలమ్మ ఇంకేమీ వినలేదు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఆ ఉద్దానంలో ఎవరైనా వచ్చి చేతికి ఏదైనా కట్టారంటే అది కిడ్నీ గురించే. ఆమె అన్న బైరాగికీ అలాగే ముందు చేతికి పట్టీ కట్టారు, తర్వాత రక్తం తీశారు, ఇప్పుడతను డయాలసిస్‌కి తిరుగుతున్నాడు. ఈ మధ్య తన పాదాలు కూడా సాయంత్రానికి ఉబ్బుతున్నాయి. ఎవరికీ చెప్పకుండా చీర కుచ్చిళ్లు కాస్త కిందికి దించి కట్టుకుంటోంది. బ్యాండు ఆ సంగతి ఆఫీసుకి చేరవేస్తుందని, ఆ పూటే ఇంటికి పొమ్మంటారని ఆమె భయం.

అందుకని బ్యాండు విప్పి పక్కబల్ల సూర్యకుమారికిచ్చింది. సూర్యకుమారి వరుసకి వదిన. ఆగిపోయిన బస్సుకి భుజమిచ్చి తోసిన మనిషి. సంగతి విని ఎగతాళి చేసింది గానీ, రెండూ తన చేతికే కట్టుకుంది. కొన్నాళ్లు ఆఫీసు కంప్యూటర్లో ముసలమ్మ నాడి దివ్యంగా ఉంది. కొత్తబావ లెక్కలో మాత్రం ఇద్దరూ పక్కబల్ల దగ్గరే ఉన్నారు. ముసలమ్మ బల్ల ఖాళీ.

ఒక మధ్యాహ్నం కిందపడిన పప్పు ఏరుకుని ఆమె లేచేసరికి, వేడి ట్రేతో మరచెయ్యి మొహం మీదికి వస్తోంది. ఆగేలా లేదు. వెనక బల్ల, పక్కన గోడ. ట్రే సెగ బుగ్గకి తగిలింది. సూర్యకుమారి ఒక్క ఊపున వచ్చి, రెండు బ్యాండ్ల చెయ్యి అడ్డం పెట్టింది. కొత్తబావ జానెడు దూరంలో ఆగాడు.

రాజేష్ పరిగెత్తుకొచ్చి, ఒకే చేతికి రెండు బ్యాండ్లేమిటని అడిగాడు. ముసలమ్మ నేలమీద కూలబడింది. కుచ్చిళ్లు పైకి జరిగి, దాచుకున్న పాదాలు షెడ్డులో అందరికీ కనబడ్డాయి.

"బాబూ, ఇది ఆపీసుకి సెప్పీసిందేటి? నా కిరాటిను ఎంతున్నాదో సెప్పు," అంది.

ఎవరూ నవ్వలేదు. రక్తం తీయకుండా క్రియాటినిన్ తెలియదని, బ్యాండుకి కిడ్నీ సంగతే పట్టదని రాజేష్ మెల్లగా చెప్పాడు. అప్పుడు ఒకావిడ, రోజూ చెంబెడు కొబ్బరినీళ్లు తాగి మరీ బ్యాండు కట్టుకుంటున్నానని ఒప్పుకుంది. ఇంకొకావిడ రావివలస మల్లన్నకి మొక్కుకుందట. రాజేష్‌దీ ఉద్దానమే, జలంత్రకోట. అతని బ్యాండు చర్మానికి తగలకుండా చొక్కా చేతి మీంచి కట్టి ఉంది. అందరి కళ్లూ అటే తిరిగాయని చూసి, చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

ముసలమ్మకి ఊరట కలగాలి. కానీ ఇంటికెళ్లే బస్సులో మరో భయం పట్టుకుంది. బ్యాండుకి తెలియకపోతే, లోపల జరిగేది ఇక ఎవరికీ తెలియదన్నమాట. సూర్యకుమారిని తోడు రమ్మని, మర్నాడు ఆసుపత్రికి వెళ్లింది. రక్తపరీక్షకి ఇద్దరి పేర్లూ రాయించింది. సూర్యకుమారి పేరు పిలవగానే, బస్సు తోసిన ఆ మనిషి స్తంభం వెనక్కి జరిగింది.

"నాకేటీ నేదే. నాను బయటుంతాను."

"నా బేండు కట్టుకున్నప్పుడు బయం నేదు గదా వదినా. రా, నాను పట్టుకుంతాను."

ఇద్దరూ రక్తం ఇచ్చారు. ఫలితాలు రేపన్నారు. బస్సు కోసం చేతులు పట్టుకుని కూర్చున్నారు. ముసలమ్మ మణికట్టు జుయ్యిమంటున్నట్టే ఉంది. చూసుకుంటే బ్యాండు లేదు. వణుకుతున్నది సూర్యకుమారి చెయ్యి.