పచ్చి చెక్క మీద పసుపు

అమెరికాలోని నోవైలో మావారి ఉద్యోగం పోయిన ఏడాది గ్యారేజీయే ఆయన ఆఫీసైంది. ఒక పాత మిలిటరీ రైఫిల్‌లోంచి తూటా పేల్చే ఉక్కు భాగం మాత్రం ఉంచుకుని, దానికి వాల్‌నట్ చెక్కతో కొత్త ఒళ్ళు చెక్కి, పాతకాలపు వేట తుపాకీలా తయారుచేస్తున్నారు. ఊళ్ళో తుపాకులు బాగుచేసే షాపాయన, "సోమవారం పట్టుకురా, పనితనం నచ్చితే చేర్చుకుంటా" అన్నాడు. అప్పటికి మాకు ఇంకే దారీ లేదు.

చెక్కకి నూనె పట్టించడం ఒక్కటే మిగిలింది. ఆ ఆదివారం దసరా. మాతో ఉంటున్న అత్తయ్య గ్యారేజీలోకి వెళ్ళి, దానికి తడి పసుపు రాసి బొట్టు పెట్టి వచ్చారు.

"ఆయుధపూజ నాడు కారుకి పెట్టి, అసలు ఆయుధానికి పెట్టకపోతే ఎలాగే?" అన్నారు నాతో, సంబరంగా.

ఇంకా నూనె పట్టని ఆ పచ్చి చెక్క పసుపుని తాగేసింది. మావారు శాండ్‌పేపర్‌తో ఎంత రుద్దినా మరక ఇంకా లోపలే ఉంది. చివరికి, ఉక్కుతో సమంగా ఉండాల్సిన చెక్క అక్కడ అరిగిపోయి పల్లం పడింది. నేను తలుపు దగ్గర నిలబడి, చిన్నప్పుడు బడికి బదులు ఇంట్లో నాన్న నేర్పిన స్తోత్రాలన్నీ చదివాను. భయానికి మధ్యమధ్యలో మాటలు మర్చిపోయాను.

మర్నాడు షాపాయన ఆ పల్లం మీద బొటనవేలితో తడిమి చూసి, తుపాకీ తిరిగి ఇచ్చేశాడట.

మావారు ఇంటికి రాగానే అత్తయ్య ఎదురెళ్ళి, "నచ్చిందా నాన్నా?" అని అడిగారు.

"నీ బొట్టు తెగ నచ్చిందమ్మా ఆయనకి. పనే ఖాళీ లేదట," అన్నారు మావారు.

రేపెలాగో తెలియని ఆ పూట కూడా, ఇలాంటి మనిషిని నాకిచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.