వాగులో వదిలిన బత్తాయిలు

ఆ రోజుల్లో నేను చదివేదేమిటో ఇంకొకరికి చెప్పడం, దాన్ని చదవడం కంటే కష్టంగా ఉండేది. యూనివర్సిటీలో పర్యావరణ ద్రవ యాంత్రిక శాస్త్రం మీద పనిచేసే ఒక చిన్న పరిశోధక బృందంలో కొత్తగా చేరాను. వాగుల్లో, చెరువుల్లో నీళ్ళు ఎలా కదులుతాయి, వాటితోపాటు మురికి ఎక్కడికి పోతుంది, ఎక్కడ ఆగిపోతుంది అని చూడటమే మా పని. గుంటూరు నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్న మా బాబాయికి ఇదంతా ఓపిగ్గా వివరించాను. ఆయన అంతకంటే ఓపిగ్గా విని, "అయితే మా పైట్యాంకుకి నీళ్ళు సరిగ్గా ఎక్కడం లేదు, ఓసారి చూసిపెట్టమ్మా" అన్నారు. (చూశాను కూడా. వాల్వు తిప్పడం మరిచిపోయారు. మా చుట్టాల్లో నా చదువుకు దక్కిన గౌరవమంతా ఆ వాల్వు పుణ్యమే.)

బృందమంటే ముఖ్యంగా ముగ్గురం. మా గైడు సార్, సీనియర్ అక్క, నేను. సార్ మాట్లాడటం చాలా అరుదు. "ఊఁ" అనేవారు. అందులో మెచ్చుకునే ఊఁ ఏదో, మళ్ళీ రాసుకురమ్మనే ఊఁ ఏదో అక్కకి మాత్రమే తెలుసు. అక్కది మైలార్‌దేవ్‌పల్లి. వాన వచ్చినప్పుడు వాగులో నీళ్ళ నడక ఎలా ఉంటుందన్నది ఆమె పరిశోధన. ఒక ఏడాది వానలే పడలేదు. మరుసటి ఏడాది వానలు పడ్డాయి కానీ, పాతిన పరికరాలను వరద ఎత్తుకుపోయింది. నేను చేరిన ఏడాది ఆమె హాస్టల్ మెట్ల మీద కూర్చుని, "ఈసారి గిట్ల కాకపోతే ఇడిచిపెడ్త. కోచింగ్ సెంటర్ల చేరిపోత. ఇగ నాతోని కాదు" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ సాయంత్రం ఆమె అన్నం తినకపోవడం నేను చూశాను.

ఆ ఏడు వాన గట్టిగానే పట్టింది. తెరిపి ఇవ్వగానే జీపులో శంషాబాద్ దాటి, హిమాయత్ సాగర్‌లో కలిసే వాగు దగ్గరికి వెళ్ళాం. నీళ్ళు మంచి జోరు మీదున్నాయి. అక్క మొహం వెలిగిపోయింది. నీటి వేగం కొలిచే మీటరును భక్తిగా వాగులో దింపింది. మీటరు తెర ఒకసారి మెరిసి, ఆరిపోయింది. బ్యాటరీ మార్చాం, తుడిచాం, ఎండకు పెట్టాం. (నేను దాని వీపు మీద రెండు దెబ్బలు కూడా వేశాను. మా ఇంట్లో రేడియో అలాగే పలికేది.) ఏం చేసినా లాభం లేకపోయింది. అక్క గట్టు మీద కూలబడింది. రేపటికి వాగు తగ్గిపోతుంది. మళ్ళీ ఇలాంటి నీళ్ళంటే వచ్చే ఏడాదే.

సార్ కాసేపు నీళ్ళకేసి చూసి, డ్రైవరుతో "శంషాబాద్ పోయి ఒక సంచెడు బత్తాయిలు పట్టుకురా" అన్నారు. మాకు జాలేసింది, పాపం సార్‌కి ఆకలేస్తోందేమోనని. అప్పుడు మావైపు తిరిగి, "బత్తాయి తేలుతుంది. కానీ చాలా భాగం నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి గాలి దాన్ని తోయలేదు. నీరు ఎటు పోతే అటే పోతుంది. దూరం మనకు తెలుసు, వాచీ ఉంది. చాలదూ?" అన్నారు. నేను చేరినప్పటి నుంచి ఆయన నోట విన్న అతి పెద్ద ప్రసంగం అదే.

పండ్లు వచ్చాయి. పసుపుపచ్చగా, బాగా మాగినవి. బురదనీళ్ళలో ఆనాలి కదా అని, దూరం కొలవడానికి గట్టున పాతే కొయ్యలకు వేసే ఎర్రరంగుతో ఒక్కో పండుకీ మూడేసి బొట్లు పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. పచ్చటి పండు, ఎర్రటి బొట్లు, వరసగా నీళ్ళలోకి వదులుతున్న ముగ్గురు పట్నం మనుషులు. ఇదంతా దూరం నుంచి ఎలా కనబడుతుందో మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

తట్టినవాళ్ళు పరుగున వచ్చారు. పక్క పొలంలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు, వాళ్ళ ముందు కొంగు బిగించిన ఒక అవ్వ.

"ఏందయ్యా గిది? మీ దిష్టి తెచ్చి మా వాగుల ఇడుస్తుండ్రా?"

సార్ కంగారుగా, "అబ్బే, లేదమ్మా. ఇది ప్రవాహ వేగాన్ని అంచనా వేసే ప్రయోగం" అన్నారు.

"ప్రయోగమంట!" అని అవ్వ వెనక్కి తిరిగింది. "ఇన్నరా? ఆయన నోటితోనే చెప్తుండు, ప్రయోగం చేస్తుండట!"

ఆ ఊళ్ళో ఆ మాటకు చేతబడి అనే అర్థం ఉందని సార్‌కి అర్థమయ్యేలోపు గొడవ ముదిరింది. అక్క వాళ్ళ భాషలో సర్దిచెప్పబోయింది. "అవ్వా, జర ఇనురి..." ఎవరూ వినలేదు. అప్పుడు సార్ సంచిలోంచి నేను బొట్లు పెట్టిన బత్తాయి ఒకటి తీసి, తొక్క ఒలిచి, వాళ్ళందరి ఎదురుగా తినడం మొదలుపెట్టారు. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. మేమూ చూశాం. రసం గడ్డం మీదుగా కారుతోంది. ఆయన తుడుచుకోలేదు.

"దిష్టి తీసిన పండు ఎవ్వలన్న తింటరే?" అంది వెనక ఒకామె, సందేహంగా.

అవ్వ చెయ్యి చాపింది. సార్ సగం ఇచ్చారు. ఒక తొన నోట్లో వేసుకుని, "పుల్లగుంది" అంది అవ్వ. గొడవ అక్కడితో ముగిసింది.

ఆ తర్వాత జరిగింది నేను ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. సంగతి అర్థం కాగానే వాళ్ళు గట్టుపొడుగునా నిలబడి తలా ఒక పండును సొంతం చేసుకున్నారు. "నాది ఉరుకుతున్నది!" "ఏయ్, నాదాన్ని నీది గుద్దింది!" అని కేకలు. అక్క వాచీ పట్టుకుని పరుగెడుతోంది. ఒక్కో పండుకు ఒక్కో మనిషి కాపలా ఉంటే లెక్క తప్పడం ఎలా కుదురుతుంది?

అవ్వ పండు మాత్రం వాగు మలుపులో, ఒడ్డు పక్కన, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. మిగిలినవన్నీ వెళ్ళిపోయాయి. అక్క, "అవ్వా, అది పోదు ఇగ. ఇడిచిపెట్టు" అంది.

"ఎందుకు ఇడిచిపెడ్త? నా పండు అది" అని అవ్వ గట్టు మీద చతికిలబడింది. సార్ వెళ్ళి ఆమె పక్కనే కూర్చున్నారు. కాసేపయ్యాక అక్క కూడా కూర్చుంది. కలుపు మరిచి ఆడవాళ్ళు, లెక్కలు రాసే పుస్తకం మరిచి మేము, ఒక బత్తాయిని చూస్తూ ఉండిపోయాం. చాలాసేపటికి, ఎందుకో తెలియదు, ఆ పండు కొంచెం కొంచెంగా అంచుకు జరిగి, వాలులో పడి, ఒక్కసారిగా వెళ్ళిపోయింది. అవ్వ చప్పట్లు కొట్టింది. సార్ అక్కవైపు చూసి, "నీ థీసిస్ ఇదేనేమో. వెళ్ళిపోయిన నీళ్ళు కాదు, ఈ మూలలో ఇంతసేపు ఆగిన నీళ్ళు. మురికి మిగిలేది ఇక్కడే కదా" అన్నారు.

అక్క తల ఊపింది. మొహం కడుక్కునే నెపంతో వాగులోకి దిగి, అవసరమైన దానికంటే ఎక్కువసేపు కడుక్కుంది. కోచింగ్ సెంటర్ మాట మళ్ళీ ఆమె ఎత్తలేదు. ఆ మలుపుల మీదే పీహెచ్‌డీ పూర్తిచేసి, ఇప్పుడు తన విద్యార్థులను వాగుల వెంట తిప్పుతోంది.

నేను ఆ సాయంత్రం మోకాళ్ళ దాకా బురదతో ఇంటికి చేరాను. అమ్మ తలుపు తీసి, "ఏం చేశారే ఇవాళ?" అంది. "ఏముందమ్మా, మామూలే" అని చెప్పి, అన్నం పెట్టమన్నాను. అలాంటి రోజులు ఇంకా బోలెడు వస్తాయని అప్పటి నాలోని ఆ పిల్ల నమ్మకం. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది.